మూల చింపిన పుర్రెలు

మా వదిన కౌసల్యమ్మకు భయం పుట్టుకతోనే వచ్చిందని మా అమ్మ అనేది. నేనైతే మా అన్న దుకాణం పెట్టినంక వచ్చిందని అంట. మా అన్న శివయ్యది శంషాబాద్‌ల స్క్రీన్ ప్రింటింగ్ పని. ముందర దుకాణం, ఎనుక ఇల్లు. నేను గూడ వాళ్లతోనే ఉంట. పెండ్లి కార్డులైనా దినాల కార్డులైనా ఆ చేతితోనే అచ్చేస్తడు. వదిన ఒక్కొక్కటి తీసి ఆరేస్తది. పెండ్లి కార్డులైతే నట్టింట్ల తాడు కట్టి ఆరేస్తది, మొదటిదానికి నాలుగు మూలల పసుపు పెడ్తది. దినాల కార్డులను మాత్రం గడప దాటనియ్యది. బయట రేకుల కిందనే ఆరాలె, మొదటిదాని మూల చింపాలె. చావు కబురును మూల చింపకుంట ఇంట్ల ఉంచితే అది ఇంకో కబురును పిలుస్తదని ఆమె నమ్మకం. గాలికి ఒక్క కార్డు ఎగిరి లోపల పడ్డా ఇల్లంత కడిగేది. నాకు ఒళ్లు మండి నాలుగు మాటలు అనేదాన్ని. ఆ ఇంట్ల నా మాట ఎవరిన్నరు గనుక!

ఎయిర్‌పోర్టు వచ్చి అప్పటికి నాలుగేండ్లయింది. ఆ వానాకాలంల నా మేనకోడలు సబిత కాన్పుకని పుట్టింటికొచ్చింది. అంతకుముందు ఒక కాన్పు ఏడో నెలల పోయింది. ఇగ వదిన పరేషాన్ చెప్పతరం కాదు. విమానం జర కిందికి వచ్చి కిటికీలు అదిరినా ఉరికిపోయి పిల్ల కడుపు మీద చెయ్యి పెట్టేది. ఈసారి గూడ పోతే పిల్ల బతకదని ఆమె గుండెల పడ్డది.

సరిగ్గా అప్పుడే చిన్మయి వచ్చింది. రాజేంద్రనగర్‌ల ఉంటరు, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డోళ్లు. బొమ్మలేసే పిల్ల. పుర్రె బొమ్మ ఒకటి గీసుకొచ్చింది. దాన్ని దళసరి కాగితం మీద ముప్పై అచ్చులు తియ్యాలంట. ముప్పై తీసినంక బొమ్మ ఎక్కించిన స్క్రీన్ గుడ్డను తన కండ్ల ముందర కడిగెయ్యాలంట, ముప్పైఒకటోది లోకంల ఉండొద్దంట. ఒక్కోదాని కింద పెన్సిల్‌తోని నంబరు రాసి సంతకం పెడ్తదంట. తన చేతి అచ్చును జనం అద్దం కట్టించి గోడకు పెట్టుకుంటరంటే మా అన్న పొంగిపోయిండు. ఇన్ని పూలు, పిట్టలు ఉండంగ ఈ పుర్రె ఏంది బిడ్డా అని మాత్రం అడిగిండు.

"భయమేస్తుందండీ, అందుకే గీశాను. రోజూ చూస్తుంటే అలవాటవుతుందేమోనని," అన్నది చిన్మయి నవ్వుకుంట.

మొదటి అచ్చు రాంగనే మా వదిన ముఖం తెల్లబోయింది. మనిషి తలకాయంత పుర్రె, నలుపు, బూడిద రంగు, నోటి పండ్లతో సహా. ఎడమ కన్ను గుంత పైన తెల్లగ ఒక చుక్క. చందమామ అనుకున్నం మేము. వదిన దాన్ని ముట్టనంటే ముట్టనన్నది. చేసేదేమున్నది, అన్నిటినీ నేనే రేకుల కింద ఆరేసిన. చిన్మయి స్క్రీన్ కడిగించి, ఆరినంక సంతకాలకు వస్తనని పోయింది.

తెల్లారి వదిన పిండి గిర్నికి పోయినప్పుడు ఈదురుగాలి, వాన. కాగితాలు ఖరాబైతయని అన్న ఆగమాగమై ఆ ముప్పైటినీ తెచ్చి నట్టింట్ల తాడుకు కట్టిండు. ఆ తర్వాత కొద్దిసేపటికే సబితకు నొప్పులు మొదలైనయి. ఇంకా నెల ఉండంగనే! అన్న ఆటో తెచ్చిండు. అప్పుడే తిరిగొచ్చిన వదిన పిండి గిన్నె వాకిట్లనే పడేసి, లోపలికి గూడ రాకుంట, వాళ్లతోని దవాఖానకు పోయింది.

జరసేపటికి పాత చీరలు తీసుకపోదామని ఆమె ఒక్కతే తిరిగొచ్చింది. గడప కాడ నిలబడ్డది నిలబడ్డట్టే ఉన్నది. ఇంటి నిండ పుర్రెలు, ఫ్యాను గాలికి కదులుతున్నయి. ఇగ ఒక్కొక్కదాని మూల చింపుడు మొదలుపెట్టింది. వద్దు వదినా, ఆ పిల్లవి, మళ్ల అచ్చెయ్యరాదని చెయ్యి పట్టుకున్న.

"నా బిడ్డ అక్కడ ఉన్నది రుక్మిణీ," అన్నది.

చెయ్యి ఇడిచిపెట్టిన. నిజం చెప్తున్న, అప్పుడు నాకు గూడ భయమైంది. నేను నమ్మనని ఇన్నేండ్లు అన్నదాన్ని, ముప్పయ్యోది చిరిగేదాక ఊపిరి తియ్యలే.

ఆడపిల్ల పుట్టింది. పిడికెడంత ఉన్నది, అద్దాల పెట్టెల పెట్టిన్రు, అయినా బతికింది. మూల చింపబట్టే బతికిందని వదిన మొక్కింది. అన్న మాత్రం ఆ కాగితాలను చూసి నెత్తి పట్టుకున్నడు. స్క్రీన్ కడిగినంక ఏం అచ్చేస్తడు?

చిన్మయి సంతకాలకు వచ్చిన పొద్దు అన్న కాగితాలను బల్ల మీద పెట్టి పక్కకు తప్పుకున్నడు. వదిననే ముందలికొచ్చి, నేనే చింపిన బిడ్డా అని, ఎందుకు చింపిందో, పెండ్లి కార్డులకు పసుపు ఎందుకు పెడ్తదో అంతా చెప్పింది. ఆ పిల్ల చిరిగిన కాగితాలను ఒక్కొక్కటి తిప్పి లెక్కపెట్టింది. లొల్లి పెడ్తదనుకున్నం. పాప బాగుందా అని అడిగింది. బాగుందన్నం. అప్పుడు కన్ను గుంత మీది తెల్ల చుక్క మీద వేలు పెట్టింది.

"ఇది నా తలేనండీ. స్కాన్ ఫిల్ములు చూసి, తలంత పెద్దగా గీశాను. ఈ తెల్లది గడ్డ. వచ్చే వారం ఆపరేషన్."

మా వదిన కూలబడ్డది. బతికున్న పిల్ల తల మీద ముప్పైసార్లు చావు మూల చింపిన అని రెండు చేతులు చూసుకుంట ఏడ్చింది. అట్లా అనుకోకండి అని చిన్మయి ఆమెను లేపింది. చిరిగినయన్నిటికీ నంబర్లు రాసి, సంతకాలు పెట్టింది. ఆఖరువాటి కాడికొచ్చేసరికి చిరిగిన మూలను అరచేత్తోని కప్పి పెట్టింది. ఆ పిల్లకు గూడ భయమైందని నాకు అర్థమైంది. ముప్పైటినీ కట్ట కట్టి తీసుకపోయింది.

ఇగ ఆ వారం మా ఇల్లు ఇల్లు కాదు. మనుమరాలు ఇంటికొచ్చినా వదినకు ముద్ద దిగలే. ఫోన్ చేసి అడుగుదామంటే ఎవరికీ ధైర్యం లేదు. దినాల కార్డుకు ఎవరొచ్చినా, జర పేరు చదువు రుక్మిణీ అని నన్ను పిలిచేది. ఎవరో ముసలాయన పేరైతే ఊపిరి పీల్చుకునేది. మళ్ల ఒకరి చావుకు నిమ్మళపడ్డ పాపం తగులుతదని చెంపలేసుకునేది.

వారం దాటినంక ఒక పెద్దమనిషి కారు దిగి దుకాణంలకు వచ్చిండు. గడ్డం మాసి ఉన్నది, కండ్లు గుంతలు పడ్డయి, చేతిల కాగితాల కట్ట. దినాల కార్డుకు వచ్చే తండ్రులు గట్లనే ఉంటరు. మా అన్న అలవాటుకొద్దీ కాగితం, పెన్ను తీసి, పేరు చెప్పుండ్రి సార్ అన్నడు.

"సూర్యప్రకాశరావండి. చిన్మయి నాన్నని," అన్నడాయన.

అన్న చేతిలకెళ్లి పెన్ను జారింది. వదిన తలుపు చెక్క పట్టుకొని అట్లనే జారి కూసున్నది. ఆయన మా ముఖాలు చూసి గాభరా పడ్డడు. కట్ట విప్పి బల్ల మీద పెట్టిండు, మూల చిరిగిన పుర్రెలు.

"అమ్మాయి నిన్న కళ్ళు తెరిచిందండి. మాట ఇంకా సరిగ్గా రావడం లేదు. గండం గడిచిందని డాక్టర్లు చెప్పడం లేదు, మాకూ భయంగానే ఉంది. కానీ ఒకటే పట్టు పట్టింది. చిరగని మూలలకి కౌసల్యమ్మగారి చేత పసుపు పెట్టించాలట."

వదిన లేచింది. కాళ్లు, చేతులు కడుక్కొని పసుపు కలుపుకొని వచ్చింది. పెడ్తాంటే నాలుగైదింటి మీద పసుపు చుక్క జారి, ఆ తెల్ల గడ్డ మీదికే పోయింది. నేను తుడుస్తనంటే వదిన తుడవనియ్యలే.

బయట రేకుల కింద ఆరేద్దామా వదినా అని అడిగిన. నా మొఖం దిక్కు కోపంగ చూసింది. ముప్పైటినీ తానే ఎత్తుకపోయి నట్టింట్ల, పాప ఉయ్యాల పక్కన, వరుసగ పరిచింది.