నోరు పైకి పెట్టిన మ్యాగజైన్లు

మా ఉస్తాదు చనిపోయిన పందొమ్మిదో రోజు ఆయన పేరు నోటీసు బోర్డు ఎక్కించినారు. నిర్లక్ష్యం చేసినాడంట. చచ్చిపోయిన మనిషి మీద ఆ మాట టైపు చేసి, కింద రౌండు సీలు గుద్ది, నాలుగు మూలలా గుండుసూదులు గుచ్చినారు. అది చదివిన రోజు నాకు అన్నం సయించలా. అసహ్యం వేసింది. ఆ కాగితం మీద, ఆ సీలు మీద, దాని ముందు నిలబడి చదివి ఏమీ అనకుండా టీకి పోయినోళ్ళ మీద, నా చేతుల మీద కూడా. నా చేతుల సంగతి తర్వాత చెప్తాను.

ఆయన పోయింది బస్సులో. ఉదయగిరి నుంచి ఆత్మకూరు పోయే పొద్దుటి బస్సులో డ్రైవరు వెనక కిటికీ సీటు ఆయనది. మా క్యాంపు దగ్గర దిగాలంటే రెండు మలుపుల ముందే లేచి కడ్డీ పట్టుకుని నిలబడేవాడు. ఆ రోజు లేవలేదు. నిద్రపోతున్నాడు పెద్దాయన, ఇప్పుడే లేస్తాడులే అనుకున్నాడు కండక్టరు. బస్సు క్యాంపు దాటిపోయింది. ఆత్మకూరు డిపోలో అందరూ దిగినాక భుజం తట్టి చూస్తే ఏముంది, ఎప్పుడో అయిపోయినాడు. ఒళ్ళో టిఫిను క్యారియరు ఒరగకుండా రెండు చేతులా పట్టుకునే ఉన్నాడంట. నాకు ఫోను వచ్చేసరికి నేను ఆయుధాల గది ముందర తాళాల కోసం నిలబడి, ఈ మనిషి ఎప్పుడూ లేటు కాడే అనుకుంటా ఉన్నాను.

మాది తుపాకీ పట్టే ఉద్యోగాలకు ట్రైనింగ్ ఇచ్చే క్యాంపు. ఏ శాఖదో పేరు రాయను. చదవాల్సినోళ్ళకు తెలుసు. ఉస్తాదు అక్కడ తుపాకులు బాగుచేసే పనిలో రిటైరై, మళ్ళీ అదే గదికి స్టోర్ కీపర్‌గా వచ్చినాడు. నేను అవుట్‌సోర్సింగ్. మాది కలిగిరి పక్కన పల్లె, పది తప్పినాను, అంతకుముందు వెల్డింగు షాపులో చేసినాను. నాకు ఏదన్నా పని వచ్చిందంటే చూసి నేర్చుకున్నదే, లేకపోతే ఈయన తిట్టి నేర్పిందే.

మొదటి రోజు మధ్యాహ్నం తిని వచ్చి ఒక మ్యాగజైన్ మీద చెయ్యి వేయబోయినాను.

"ఆగు. చెయ్యి ఇట్ట చూపించు," అన్నాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఏం తిన్నావు?"

"పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ. కడుక్కున్నాను ఉస్తాదూ."

"నీళ్ళతో కడిగితే నీకు పోయింది. ఇనుముకు పోలేదు. ఉప్పు చెయ్యి పెట్టబాక. పెట్టినావంటే ఎల్లుండికి నీ వేలిముద్ర తుప్పు రంగులో లేస్తాది. ఏ స్టేషనుకీ పోనక్కర్లా, నేనే పట్టుకుంటా దొంగని."

సబ్బుతో మూడు సార్లు కడిగించినాడు. ఆ రోజు నుంచీ నేను ఊరగాయ మానేసినాను. ఇంట్లో అమ్మ నాకేదో రోగమనుకుంది.

తుపాకీ ఎరగనోళ్ళ కోసం చెప్తాను. మ్యాగజైన్ అంటే తుపాకీ కింద తగిలించే రేకు పెట్టె. తూటాలు అందులో ఒకదాని మీద ఒకటి కూచుంటాయి. లోపలి స్ప్రింగు వాటిని పైకి తోస్తుంటే, పై అంచులు రెండు లోపలికి వంగి తూటాని పట్టి ఉంచుతాయి. ఆ అంచుల్ని ఉస్తాదు పెదవులు అనేవాడు. పెదవి రవంత విచ్చుకున్నా తూటా వంకరగా ఎక్కుతుంది, తుపాకీ మొరాయిస్తుంది. అట్టాంటి పెట్టెలు మా గదిలో వెయ్యికి పైనే ఉన్నాయి. తుపాకీలను అందరూ చూస్తారు. ఫొటోలు దిగుతారు. మ్యాగజైన్ని పట్టించుకునేవాడు లేడు. "తుపాకీ మొరాయించిందంటే తుపాకీని తిట్టబాక. ముందు మ్యాగజైన్ తీసి దాని మొహం చూడు," అనేవాడు ఆయన.

ఆయన రాకముందు అవన్నీ ఇనప డ్రమ్ముల్లో కుప్పగా పడి ఉండేవంట. ఒకటి తీయాలంటే ఇరవై కదిలేవి. దీని అడుగు దాని పెదవికి తగిలి, దాని అంచు దీని పక్కకి తగిలి, వాడకముందే సొట్టలు. ఉస్తాదుది ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే ఇల్లు. తండ్రి ఉలి ఈయనకొచ్చింది. రెండేళ్ళు ఆదివారాలన్నీ ఇంటి వసారాలో కూచుని ట్రేలు చెక్కినాడు. ట్రేకి ఇరవై గళ్ళు. ఒక్కో గడి అంచున తుపాకీ నెంబరు కాల్చిన కమ్మీతో రాసినాడు. ఏ తుపాకీ మ్యాగజైన్ దాని గడిలోనే, పక్కదానికి తగలకుండా నిలబడాల. రెండు వారాలకొక ట్రే, సోమవారం పూట ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చినాడు. "ఏంది భాయ్, గుడ్ల యాపారమా?" అని కండక్టరు ఎగతాళి చేస్తే, "అవును, ఇనప కోడిది," అన్నాడంట. ఇవి చెక్కమని ఎవురూ చెప్పలేదు. చెక్కినాక బాగుందని కూడా ఎవురూ చెప్పలేదు.

ముసురు పట్టినప్పుడు ట్రేల మధ్య బొగ్గులు గుడ్డలో మూటకట్టి పెట్టేవాడు, చెమ్మ పీల్చుకుంటుందని. వారానికొకసారి ఆ మూటలు ఎండలో ఆరేసేవాళ్ళం. ఎర్ర చీర ముక్కల మూటలు. చాచీ పాత చీరలవి. చాచీ అంటే ఉస్తాదు భార్య, నేను అట్టనే పిలుస్తాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పెదవులు చెడిపోయిన మ్యాగజైన్ని పారెయ్యడానికి లేదు. పైనుంచి రద్దు చేసినట్టు కాగితం రావాల. అంతదాకా అది లెక్కలో ఉండాల, దాని గడిలోనే ఉండాల, తనిఖీలో నెంబరు తగ్గకూడదు. అంటే చెడ్డది మంచిదాని పక్కనే నిలబడి ఉంటుంది. చీటీ అంటిస్తే నూనెకు ఊడిపోతుంది. రంగు పూస్తే ప్రభుత్వ సామాను పాడుచేసినావంటారు. అందుకని ఉస్తాదు ఒక పద్ధతి పెట్టినాడు. మంచివన్నీ నోరు కిందికి. జబ్బువి నోరు పైకి. తలుపు తీస్తే చాలు, ఏది ఇవ్వాలో ఏది ముట్టుకోకూడదో కంటికి కనపడుతుంది.

నన్ను కళ్ళు మూయించి బొటనవేలితో పెదవులు తడిమించేవాడు. "బాగుందా?" బాగుందనేవాణ్ణి. "మళ్ళీ తడుము. ఎడమ పక్క." అప్పుడు తెలిసేది, గోరు మందంలో సగం కూడా ఉండదు తేడా. "కళ్ళు తొందరపడతాయి అబ్బయా. వేలు తొందరపడదు." తనిఖీ చేసే పనిలో తొందర ఉన్నోడిని ఆయన నమ్మేవాడు కాదు. ఒక రోజు ఫైరింగుకి మ్యాగజైన్లు ఇచ్చేదానికి గంట లేటు చేసి, ఫైరింగు నేర్పే సారు నోటికొచ్చినట్టు తిడుతుంటే, చివరిది తడిమి పెట్టి, "ఇప్పుడు తీసుకోండి సార్," అన్నాడు. అంతే. ఒక్క మాట ఎక్కువ లేదు.

రద్దు కాగితం కోసం మూడు సార్లు రాసినాడు. జబ్బు మ్యాగజైన్ల నెంబర్లన్నీ వరసగా వేసి, "నోరు పైకి పెట్టినవి వాడరాదు" అని కింద గీత గీసి మరీ రాసినాడు. జవాబు రాలేదు.

ఆయన పోయిన నాలుగో రోజు పైనుంచి తనిఖీ అన్నారు. ఇన్‌చార్జి సారు గదిలోకి వచ్చినాడు. ఉస్తాదు ఉండంగా ఆ గడప తొక్కింది నేను చూళ్ళా.

"ఏందిరా ఇది? ఒకటి పైకి, ఒకటి కిందికి. చేపల మార్కెట్టా? అన్నీ ఒకే పక్కకి తిప్పు."

"సార్, పైకి ఉండేవి జబ్బువి. ఉస్తాదు పెట్టిన గుర్తు అది."

"జబ్బైతే ఆస్పత్రికి పంపు," అన్నాడు. వెనక ఇద్దరు నవ్వినారు. "మీ ఉస్తాదు పోయినాడు గదా, ఆయన గుర్తులు కూడా పోనీ."

నేను తిప్పినాను. ఇదీ నా చేతుల సంగతి. సుద్దముక్కతో చిన్న గీత పెట్టి తిప్పొచ్చు. ఒక కాగితం మీద నెంబర్లు రాసుకుని తిప్పొచ్చు. పెట్టలా, రాసుకోలా. ఆ నవ్వుకు ఒళ్ళు మండి, "చావండి" అనుకుంటా ఒక్కొక్కటే దబదబా తిప్పేసినాను. ఉస్తాదు నేర్పిందంతా ఒక్క పూటలో నేనే చెరిపేసినాను. వరసలు తీరుగా కనపడినాయి. ఫొటో తీసుకున్నారు. తనిఖీకి వచ్చినాయన చాలా నీట్‌గా ఉందన్నాడు.

తర్వాతి వారం ఫైరింగు. తడిమేవాళ్ళు లేరు, తడమమని చెప్పేవాళ్ళు లేరు. ట్రేలకు ట్రేలే జీపులో ఎక్కించినారు. ఎక్కించింది కూడా నేనే. ఒక పిల్లోడి తుపాకీ మొరాయించింది. కొత్తవాడు. లాగినాడు, కొట్టినాడు, తుపాకీ అట్టనే పట్టుకుని "సార్, ఇరుక్కుంది" అని పక్కకు తిరిగినాడు. ఇరుక్కున్న తూటా అప్పుడు ఎక్కింది. వేలు ట్రిగ్గరు మీదే ఉంది. పేలిన తూటా నేలకు తగిలి రాళ్ళు లేచినాయి. పక్కన పడుకుని గురి చూసే అమ్మాయి చెంప చీరుకుపోయింది. కంటికి అంగుళం కింద. ఆరు కుట్లు. ఆ అమ్మాయిది కొండాపురం పక్క ఊరు. ఇంట్లో మొదటి ఉద్యోగం అవుతుందని ఒకసారి క్యాంటీన్లో చెప్పింది.

పిల్లోడి మ్యాగజైన్ నేను తీసి తడిమినాను. ఎడమ పెదవి.

ఆ తర్వాత నోటీసు. "స్వర్గీయ స్టోర్ కీపర్ మంచి, చెడ్డ మ్యాగజైన్లను వేరు చేయకుండా నిర్లక్ష్యం వహించినందున" అని. వేరు చేయలేదంట. రెండేళ్ళ ఆదివారాలు వేరు చేసిన మనిషి వేరు చేయలేదంట.

అంతటితో ఆగినా నేను ఇది రాసేవాణ్ణి కాదేమో. పోయిన శుక్రవారం చాచీని చూడ్డానికి ఉదయగిరి పోయినాను. వసారాలో ఉలి ఇంకా గూట్లోనే ఉండాది. టీ ఇచ్చి, కూచుని, మెల్లగా అడిగింది.

"ఆఫీసు నుంచి ఒకాయన వచ్చినాడు నాయనా. ఏందో కాయితం. ఆయనకు రావాల్సిన డబ్బులకు సంతకం కావాలన్నాడు. పెట్టినాను. తప్పు లేదు గదా?"

కాపీ ఇచ్చిపోయినాడు, అదన్నా చేసినాడు. చదివినాను. తన భర్తకు ఏడాదిగా చూపు ఆనడం లేదని, మతిమరుపు కూడా ఉందని ఆమె చెప్పినట్టు రాసి ఉంది. కింద చాచీ ఉర్దూ సంతకం. ఆమెకు తెలుగు చదవడం రాదు. నేను చదివి వినిపించినాను.

"చూపు లేదన్నానా నేను?" అనింది. "ఆ ముందురోజు కూడా నా సూదికి ఆయనే దారం ఎక్కించినాడు."

లోపలికి పోయి ఒక ఎర్ర గుడ్డ మూట తెచ్చింది. బొగ్గులనుకున్నాను. కాగితాలు. మూడు అర్జీల కాపీలు. మూడింటి మీదా మా ఆఫీసు ముట్టినట్టు వేసిన సీలు. నోటీసు మీద గుద్దిన అదే రౌండు సీలు. "ఇంట్లో చెమ్మ తగలకుండా పెట్టమన్నాడు. ఎందుకో చెప్పలా," అని మూట నా చేతిలో పెట్టింది.

ఆయన తన గురించి ఎప్పుడూ గొప్పలు చెప్పుకోలేదు. నేను చెప్పినా ఒప్పుకోడు. తిక్క మనిషి, గంటకోసారి చేతులు కడిగించేవాడు, నా టీ గ్లాసు గదిలోకి రానిచ్చేవాడు కాదు. కానీ ఆయన చేతి మీదుగా పోయిన మ్యాగజైన్‌తో ఏ బిడ్డకూ చెంప తెగలేదు. నాకు నేర్పింది ఇనుము తుడిచే పనే గానీ, ఆయన తుడిచింది మాత్రం ఎవరో ముక్కూ మొహం తెలీని పిల్లల కోసమని ఇప్పుడు తెలుస్తా ఉండాది.

ఇన్‌చార్జి సారూ, ఇది మీకే. ఆ మూడు అర్జీల అసలు కాగితాలు మీ ఆఫీసులో ఏ బీరువాలో ఉన్నాయో చెప్పండి. ఆ నోటీసు పీకేసి, మ్యాగజైన్లు ఎవరు తిప్పమన్నారో, ఎవరు తిప్పినారో రాసి పెట్టండి. తిప్పినోడి పేరు దగ్గర నా పేరు రాయండి, నేను సంతకం పెడతాను, నాకు చదవడం వచ్చు. చాచీ దగ్గర మోసం చేసి తీసుకున్న కాగితం ఆమె ఇంటికి పోయి ఆమె చేతికి ఇచ్చి రండి. వచ్చే సోమవారం పన్నెండు గంటల లోపల జవాబు కావాల. రాకపోతే పన్నెండూ ఐదుకి ఆ మూడు కాపీలు మీ నోటీసు పక్కనే, అదే బోర్డు మీద ఉంటాయి. జిరాక్సు తీసిన ఒక సెట్టు చెంప తెగిన అమ్మాయి నాయనకి ఇప్పటికే ఇచ్చినాను.

ఉదయగిరి నుంచి వచ్చినప్పటి నుంచి రోజూ పనైనాక కళ్ళు మూసుకుని ఒక్కో మ్యాగజైన్ తడుముతున్నాను. సబ్బుతో మూడు సార్లు చేతులు కడుక్కునే. అర్జీలో నెంబర్లు ఒక పక్క, నా బొటనవేలు ఒక పక్క. ఇంతవరకూ ఒక్కటీ తేడా రాలా. నిన్నటికి అన్నీ అయిపోయినాయి. ఉస్తాదు చెక్కిన గళ్ళలో, మంచివాటి మధ్య అక్కడొకటి అక్కడొకటి, జబ్బువన్నీ మళ్ళీ నోరు పైకి పెట్టి నిలబడి ఉన్నాయి. సోమవారం మీరొచ్చి తలుపు తీస్తే కనపడతాయి. ఈసారి తిప్పమంటే నేను తిప్పను.