నాయన కాళ్ళకు అత్త ఎంచిన నూలు

తెల్లవారుతుండగా విరుదునగర్ నుంచి ఫోన్ వచ్చింది, అత్త పోయిందని. మా నాయనకు ఒక్కతే అక్క. నాయనా నేనూ కోవిల్‌పట్టిలో బస్సెక్కాం. దారంతా నేను ఏడుస్తూనే ఉన్నాను.

నాయనకు చక్కెర జబ్బు. పాదాల్లో స్పర్శ లేదు. తెలియకుండా ముదిరిన పుండుకు ఒక వేలు తీసేశారు. ఇంకోటి పడితే పాదమే పోతుందని డాక్టర్ చెప్పాడు. ఆ మాట విని అత్త పరిగెత్తుకొచ్చింది.

"నేను మెత్తగా సాక్సు అల్లి యిస్తాను. ఇంట్లోనూ వేసుకోవాల, తెలిసిందా?"

మిలిటరీ మామతో కొండ ఊళ్ళలో కాపురం చేసినప్పుడు నేర్చుకున్న పని అది. ఈ ఎండల్లో సాక్సులేమిటని నాకు నవ్వొచ్చింది.

విరుదునగర్ బజారుకు నన్ను వెంటబెట్టుకుపోయింది. అంగడాయన ఉన్ని చూపిస్తే పక్కకు నెట్టేసి నూలు అడిగింది. ప్రతి ఉండనూ చెంపకు రుద్దుకుని చూసింది. ఆయనతో తమిళంలో బేరం, నాతో తెలుగులో విసుగు. మాది నల్లరేగడి కదా, మట్టి కనబడదని నేను ముదురు నీలం తీశాను.

"పెట్టెయ్ దాన్ని. ఉతికేదానికి నీకు సోంబేరితనం! వానికి నొప్పి తెలీదు గదా. నెత్తురొస్తే తెల్లదాంట్లోనే కండ్లకు కనబడేది."

నీలం ఉండ తిరిగి పెట్టేశాను. సూదుల దగ్గరా అదే వరస. లావువైతే పని తొందరగా అవుతుందన్నాను.

"తొందర యెవరికి? సన్న సూదైతేనే అల్లిక దగ్గర్గా పడేది. సందుంటే ముల్లు లోనికి పోదా?"

అంగడిలో ఉన్నవాటిలోకెల్లా సన్నవి ఏరుకుంది.

మా ఇంటికి తిరిగొచ్చాక కొలత కోసం పాదం పట్టుకోబోతే నాయన వెనక్కి లాక్కున్నాడు. అక్క చేత కాలు పట్టించుకోవడమా అని ఆయన సిగ్గు.

"సుమ్మా ఉండరా, కదలకు! చిన్నప్పుడు ఈ కాళ్ళు కడిగింది యెవరు?" అని కసిరి, అత్త ఆ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుంది.

ఒకరోజు ఆ తెల్ల సాక్సు మీద ఎర్ర చుక్క కనబడింది. సీమతుమ్మ ముల్లు. నొప్పే లేదంటాడు నాయన! వినకుండా ఆస్పత్రికి లాక్కుపోయాను. ఆయన ఇవాళ రెండు పాదాల మీద నడుస్తున్నాడంటే అత్త చలవే. ఆ సంగతి ఫోన్లో చెబితే, "సరే, ఇంకో జత అల్లుతా" అంది, అంతే. తనకోసం మాత్రం ఏనాడూ ఒక్క జత అల్లుకోలేదు మహాతల్లి.

మేం వెళ్ళేసరికి అత్తను వసారాలో పడుకోబెట్టి ఉన్నారు. నాయన ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, పాదాలు రెండూ చేతుల్లోకి తీసుకున్నాడు. చాలాసేపు వదల్లేదు.

"అక్క కాళ్ళు చల్లగా ఉండాయి పాపా," అన్నాడు నాతో.

తన సాక్సులు విప్పి ఆమెకు తొడగడం మొదలుపెట్టాడు. ఒకరు వేసుకున్నవి పోయినవాళ్ళకు వేయకూడదని ఎవరో పెద్దాయన అడ్డొచ్చాడు. నాయన వినిపించుకోలేదు. అవి అత్తకు చాలా పెద్దవి. మడమ కోసం అల్లిన వంపు చీలమండ పైకి వచ్చింది. నాయన దాన్ని కిందికి లాగి సర్దుతూనే ఉన్నాడు.