మా అత్త తట్టిన తలుపులు

మా మేనత్త పోయింది. రెండు వారాల కిందట మంగళవారం పొద్దున, నర్మెట్ట నుంచి మొదటి బస్సుకు బయలుదేరి వచ్చిన మనిషి మా వాకిట్లో నిలబడి, చెప్పులైనా విప్పకుండా "అత్త లేదన్నా" అన్నాడు. నేను గడ్డానికి సబ్బు పూసుకుని ఉన్నాను. అతన్ని కూర్చోమనాలని కూడా తోచలేదు. మా పాప లోపలి నుంచి చెంబుతో మంచినీళ్ళు తెచ్చి అతని చేతికిచ్చింది. దానికి ఎవరూ చెప్పలేదు. అది చూశాక నాకు ఏడుపొచ్చింది.

అమ్మ పోయేనాటికి నాకు ఊహ తెలియదు. నన్ను పెంచింది అత్తే. పెళ్ళైన రెండేళ్ళకే మామ పోతే పుట్టింటికొచ్చి, తన వాటా పొలం తనే చేసుకుంది. ఎవరింటికి వెళ్ళినా కుర్చీలో కూర్చునేది కాదు, గడప పక్కన గోడకు ఆనుకునేది. సంచీలో ఇత్తడి చెంబు లేకుండా ఊరు దాటేది కాదు. "ఇంగ మాటలు చాలు, పని చూడుండ్రి" అనేది. ఆ తర్వాత గంటసేపు తనే మాట్లాడేది.

అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమంలో నేను జనగామలో చదువుకుంటున్నాను. ఒక మధ్యాహ్నం పోలీసులు తరిమితే చెల్లాచెదురై, నేనొక్కణ్ణి తెలియని గల్లీలో పడ్డాను. తలుపులు కొడుతూ పరుగెత్తాను. నేను కొట్టిన ప్రతి తలుపుకూ లోపలి నుంచి గడియ పడే చప్పుడు వినిపించింది. ఐదో ఇంటి ముసలమ్మ తలుపు తీసి, నా చొక్కా పట్టి లోపలికి లాగి, ముందు నీళ్ళిచ్చింది. నడిచి నర్మెట్ట చేరి ఇదంతా చెబితే, దెబ్బలు తగిలాయా అని కూడా అడగలేదు అత్త.

"ఎన్ని తలుపులు కొట్టినవు?"

"ఐదు."

"ఐదోది తీసింది గదా. ఆ వాడ మంచిదే" అని పొయ్యి రాజేయడానికి వెళ్ళింది. ఇదేం మనిషి అనుకున్నాను. ఒళ్ళు మండింది కూడా.

పన్నెండేళ్ళ తర్వాత హైదరాబాదులో నేను గుమాస్తాను. అద్దెకున్న రెండు గదులు నెలాఖరుకు ఖాళీ చేయమన్నాడు ఇంటాయన. మళ్ళీ అద్దె ఇంటికి పోవడం నా భార్యకు ఇష్టం లేదు, నాకూ లేదు. అత్త తన పొలం అమ్మి ఇస్తానన్నది. ఒకటే షరతు పెట్టింది.

"ఇల్లు నువ్వు చూడు. వాడ నేను చూస్త."

ఇక్కడ నేను చేసిన పని చెప్పుకోవాలి. ఆమె రాకముందే ఒక కొత్త కాలనీలో ఇంటికి బయానా ఇచ్చేశాను. వెడల్పాటి రోడ్లు, ప్రతి గేటు దగ్గరా కొబ్బరి మొక్క, అందరూ ఆఫీసర్లు. ఆలస్యం చేస్తే ఇంకెవరో తన్నుకుపోతారని భయం. శనివారంలోగా మిగతాది కట్టకపోతే బయానా పోతుంది. అత్తకు ఊరికే చూపించి, ఊ అనిపించి పంపుదామనుకున్నాను. పల్లెటూరి మనిషి, పట్నం వాడల సంగతి ఆమెకేం తెలుసు? అప్పుడు నా బుద్ధి అట్లా ఉంది.

గురువారం ప్యాసింజరు బండికి దిగింది. ఎండ మాడ్చేస్తోంది. ఇంటిని బయటి నుంచే చూసి "మంచిగున్నది" అని, పక్కింటి గేటు తట్టింది. "అమ్మా, జర మంచినీళ్ళు తాపుతవా?"

నాకు తల కొట్టేసినట్టయింది. "అత్తా, ఈడ ఆఫీసర్లుంటరే."

"ఆఫీసర్లకు దూప గాదా?"

ఆ ఇంట్లో ఎవరో "ఎవరు కావాలి?" అని అడిగి ఊరుకున్నారు. ఎదురింటావిడ జాలీలోంచి గ్లాసు అందించి, అత్త మాటకు నవ్వాపుకుంటూ లోపలికెళ్ళింది. అత్త సగం తాగి, మిగిలింది కొబ్బరి మొక్కకు పోసింది.

అంతలో సైకిలు మీద ఒకతను అరుచుకుంటూ పోయాడు. ఊళ్ళో గొడవలట, బస్సులు ఆపేశారట, కర్ఫ్యూ పెడుతున్నారట. మలుపు దగ్గరి దుకాణం షట్టరు దబ్బున పడింది. చూస్తుండగానే రోడ్డు మీద మేమిద్దరమే మిగిలాం. దూరంగా పోలీసు వ్యాను మైకు వినిపిస్తోంది, మాటలు తెలియడం లేదు. ఇంటికి వెళ్ళాలంటే ఊరు దాటాలి.

ఇప్పుడు తలుపులు కొట్టింది నేను. నీళ్ళిచ్చిన ఎదురింటావిడ కిటికీలోంచి మమ్మల్ని చూసింది. ఆ వెంటనే పరదా లాగింది. ఏడు గేట్లు కొట్టాను. ఎనిమిదో దాని మీద చెయ్యి వేయబోతుంటే అత్త నా మోచెయ్యి పట్టుకుంది.

"సాలు తియ్యి. వాళ్ళ భయం వాళ్ళది."

రైలు పట్టాల వెంట నడిచాం. ఆమె ముందు, నేను వెనుక. వెనక్కి తిరిగి చూడాలంటే కూడా నాకు భయమేసింది. అర్ధగంటకు పాత రైల్వే కూలీల బస్తీ ఒకటి వచ్చింది. నల్లా దగ్గర బోళ్ళు తోముతున్నావిడ మమ్మల్ని చూసి, మేమింకా నోరు విప్పకముందే లేచింది. "ఏడికి పోతరు గీ ఎండల? రాండ్రి లోపలికి." ఆ ఒక్క గదిలో వాళ్ళు ఆరుగురు. మేమిద్దరం చేరాక ఎనిమిదిమందిమయ్యాం.

అక్కడే, గోడకు ఆనుకుని కూర్చుని, బయానా సంగతి అత్తకు చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. కొంగుతో మెడ మీది చెమట తుడుచుకుంది.

"పోనీ. ఏడు తలుపులు చూసినందుకు ఇచ్చినవనుకో."

మర్నాడు సడలింపు ఇచ్చేలోగా, రెండు గల్లీల అవతల ఒక పెంకుటిల్లు అమ్మకానికి ఉందని ఆ ఇంటావిడే చెప్పింది. ఇప్పుడు మేముంటున్నది ఆ ఇంట్లోనే.

ఇంతవరకే అయితే ఈ కథ మా అత్త తెలివి గురించి అయ్యేది. రెండేళ్ళ కిందట జరిగింది కూడా రాయాలి. రాయకపోతే ఆమె రుణం ఉండిపోతుంది.

అత్త మమ్మల్ని చూసి పోదామని వచ్చింది. మళ్ళీ ఊళ్ళో గొడవలు మొదలయ్యాయి. మిట్టమధ్యాహ్నం, అత్త వంటింట్లో అన్నం తింటోంది. ఎవరో మా తలుపు కొట్టారు. "అన్నా, అన్నా" అని మగగొంతు. నేను గడియ సరిగ్గా పడిందో లేదో తడిమి చూసి, చప్పుడు చేయొద్దని నా భార్యకు పెదవుల మీద వేలు పెట్టి చూపించాను. పాప నన్నే చూస్తోంది. తలుపు మళ్ళీ అదిరింది.

అత్త కంచం ముందు నుంచి లేచి వచ్చింది.

"ఎవడో ఏందో తెల్వదత్తా" అన్నాను గుసగుసగా.

"నువ్వెవరివో ఆ జనగామ ముసల్దానికి ఎరికేనా? జరుగు."

నన్ను పక్కకు నెట్టి, ఎంగిలి చేత్తోనే గడియ తీసింది. ఎంగిలి దగ్గర అంత పట్టింపున్న మనిషి. చొక్కా చినిగిన ఒకాయన, నా వయసువాడే, లోపలికొచ్చి గోడ పక్కన కూలబడ్డాడు. అత్త అతనికి చెంబు అందించి, వెళ్ళి తన చల్లారిన అన్నం తినేసింది. చీకటి పడకముందే అతను వెళ్ళిపోయాడు. పేరు కూడా అడగలేదు మేము.

ఆ రోజు అత్త నాతో మాట్లాడలేదు. నాకు సిగ్గుగా ఉండి నేనూ మాట్లాడలేదు. మూడో రోజు జనగామ బండి ఎక్కించినప్పుడు, కిటికీ చువ్వల్లోంచి నా చెయ్యి పట్టుకుంది.

"వాడ మంచిదే కొడుకా. ఇంగ నువ్వే, జర చూస్కో."

ఆమె నాతో ఈ ఊళ్ళో అన్న ఆఖరి మాట అది. కర్మలు అయ్యాక నిన్న ఇంటికి తిరిగొచ్చాను. తలుపు వేయబోతూ గడియ మీద చెయ్యి ఆపాను. ఆనాడు అత్త చేతి మెతుకులు నాలుగు దానికి అంటుకున్నాయి, ఎండి గట్టిపడ్డాయి, నా భార్య తడిగుడ్డ తెస్తే వద్దన్నాను. అవి ఎన్నడో రాలిపోయాయి. అయినా వేలితో ఆ చోటు తడిమి, పొద్దుగూకే వరకు తలుపు తీసే ఉంచాను.