పండ్లు తినడానికి పండ్లు

మాజీ సైనికులు రోజూ ఏం తింటున్నారో అడిగి రాసుకునే ఆరోగ్య సర్వేలో పని చేస్తున్నాను. ఈ రోజు మునగాలలో ఒక రిటైర్డ్ హవల్దార్ ఇంటికి వెళ్లాను. నేను వస్తున్నానని తెలిసి ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నారు.

నిన్న ఏం తిన్నారని అడిగాను. పొద్దున చాయ్‌లో నానబెట్టిన బ్రెడ్డు, రెండు పూటలా చారు పోసి మెత్తగా పిసికిన అన్నం అన్నారు.

"పండ్లు ఏమీ తినరా పెద్దనాయనా?"

"పండ్లు తిననీకి పండ్లుండాలె గద బిడ్డా" అని నోరు తెరిచి చూపించారు. పై వరుస మొత్తం లేదు. సర్వీసులో ఉండగా కొండదారిలో బండి బోల్తా పడినప్పుడు పోయాయట. కట్టుడు పళ్ల కోసం దవాఖానల చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోయారట.

"నువ్వు రాసుకపోతే పెట్టిస్తరా?" అని అడిగారు.

అక్కడినుంచే మా సూపర్‌వైజర్‌కు ఫోన్ చేశాను.

"మనది తిండి సర్వే అమ్మా. పళ్ల సంగతి మనకెందుకు? పోస్టర్ ఇచ్చి వచ్చెయ్" అన్నాడు.

ఇచ్చాను. జామకాయలు, పచ్చి క్యారెట్లు, వేయించిన పల్లీలు బాగా నమిలి తినమని రంగుల బొమ్మలతో ఉంది. ఆయన దాన్ని చివరిదాకా చదివి తిరిగి నా చేతిలో పెట్టారు.

"పండ్లున్నోళ్లకు ఇయ్యి బిడ్డా, పనికొస్తది."

కోదాడ బస్సెక్కేదాకా వెనక్కి తిరిగి చూడలేకపోయాను.

ఆయనకు పళ్లు పెట్టించే దారి ఎవరికైనా తెలిస్తే కింద రాయండి. పోషకాహారం మీద సలహాలు మాత్రం వద్దు. అవి నా బ్యాగు నిండా ఉన్నాయి.