నడిసముద్రంలో అందిన గొంతు

అరవైల్లో ఒకసారి రంగూన్ నుంచి మద్రాసుకు విమానంలో వస్తున్నాను. రేడియో ఆఫీసరు మస్తాన్ గారిది మా నెల్లూరేనని తెలిసి ఆయన పక్కన చేరాను.

నడిసముద్రం మీద మబ్బు కమ్మింది. మేమెక్కడున్నామో మస్తాన్ గారు రేడియోలో మద్రాసుకు ఎంత చెప్పినా హోరే తప్ప జవాబు లేదు. మేం కూలిపోయామనుకుంటారేమోనని నాకు గుబులు. అంతలో ఎక్కడో ఎగురుతున్న మరో విమానం నుంచి ఒక దొర గొంతు, “మీ మాట నేను అందిస్తాను” అంది.

“అన్నా, ఆయన మీకు తెలుసా?”

“తెలీదు. మన మైపాడు తీరంలో సముద్రం లోపలికి పోయిన పడవోళ్ల కేకను నడమ ఉండే పడవోళ్లు ఒడ్డుకు అందించరా? ఇదీ అంతే.”

నెల్లూరు తీరం కనబడింది. ఆయనకు టీ ఇచ్చారు. ఇంతలో మా వెనక సముద్రం మీద ఏదో విమానం రేడియోలో మద్రాసును పిలుస్తోంది. జవాబు అందడం లేదు. మస్తాన్ గారు టీ నా చేతిలో పెట్టి మైకందుకున్నారు.

“మీ మాట నేను అందిస్తాను.”