చప్పుడు తగ్గించిన తుపాకీ

మా మావగారు కరణం. ఆయన చేతిలో గంటం తప్ప మరో ఆయుధం ఊరు ఎరగదు. ఆ గంటంతోనే ఆయన కావలసినంత మందిని కొట్టారు, అది వేరే సంగతి. అలాంటి మనిషికి కాలవ దొర వెళ్తూ వెళ్తూ ఒక తుపాకీ ఇచ్చి పోయాడు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది అనడం పెద్దల పట్ల అపచారం కనక నేను అనను. ఊళ్ళో వాళ్ళు అన్నారు.

ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కట్టాక, మా కోనసీమలో ఎక్కడ చూసినా కాలవలు తవ్వుతున్న రోజులవి. ఆ తవ్వకం మీద ఉన్న దొర మా ఊరి పొలిమేరలో డేరా వేసుకుని ఉండేవాడు. ఆయనకి కూలీలని కుదర్చడం, బళ్ళు తోలించడం, పొద్దున్నే బొండాలు పంపడం మావగారి పని. ఇంకో చోటికి మారి పోతూ ఆ ఉపకారానికి బదులుగా దొర ఈ తుపాకీ ఇచ్చాడు. దీనికి మందు కూరక్కర్లేదు, నిప్పు ముట్టించక్కర్లేదు, గాలితో పేలుతుంది. భుజానికి ఆనించే భాగం లోపల బోలు. దాన్ని ఊడదీసి, ఒక పొడుగాటి ఇనప గొట్టానికి బిగించి, గొట్టం కాడని కాళ్ళతో తొక్కిపట్టి పైకీ కిందకీ కొడుతూ ఉంటే గాలి లోపల చేరుతుంది. కొట్టడం పాలేరు వంతు, పేల్చడం మావగారి వంతు. మా ఇంట్లో అన్ని పనులూ ఈ పద్ధతిలోనే జరిగేవి.

కరణంగారు దేన్ని కొడతారు? కొబ్బరి చెట్లెక్కి లేతకాయలు కొరికే ఎలుకల్ని. జీవహింస కదా అని పురోహితుడు నసిగితే, చంపను, బెదిరిస్తానంతే అన్నారు. ఆ మాట మాత్రం చివరిదాకా నిలబెట్టుకున్నారు. ఆయన గుండు ఒక్క ఎలుకకీ తగల్లేదు, కాయలకి తగిలింది. ఎలుకలు కొరికినవి కొన్ని, మావగారు చిల్లులు పెట్టినవి కొన్ని, చెట్ల కింద రోజూ రాలేవి. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నవాడి కథ ఆయన చిన్నప్పుడు చదువుకునే ఉంటారు.

ఇదంతా నాకు వినోదంగానే ఉండేది, నా బిడ్డ పాల దాకా రానంతవరకూ.

పురుడయ్యాక నాకు జ్వరం పట్టుకుంది. జ్వరం పోయింది గాని పాలు కూడా దాంతోనే పోయాయి. తొలిచూలు మగపిల్లాడు, బొటనవేలు చీకుతూ నా మొహంలోకి చూసేవాడు. గేదె పాలు పడితే కక్కేవాడు. ఊళ్ళో పాలున్న తల్లులు లేకపోలేదు. మా వీధి చివర పొలం పనికి వెళ్ళే ఒకామె, తన పిల్లకి పోగా ఇంకా మిగులుతున్నాయి, తెచ్చి పట్టమంటారా అని కబురు కూడా పెట్టింది. కానీ ఆ పాలకి కులం ఉందట. ఆకలికి మాత్రం ఉందో లేదో ఎవరూ చెప్పలేదు. ఎండాకాలం కావడంతో ఊళ్ళో పాడి చాలావరకు వట్టిపోయింది. చివరికి అత్తగారు ముమ్మిడివరం వైపు నుంచి ఈనిన ఆవునొకదాన్ని తెప్పించారు. నా కొడుకు ప్రాణం దాని పొదుగులో ఉంది. పొద్దుటా సాయంత్రం అత్తగారు చెంబు పట్టుకుని పెరట్లోకి వెళ్తూంటే, నేను దొడ్డిగుమ్మం దగ్గర పిల్లాణ్ణి వేసుకుని నిలబడి, చెంబులో పాల ధార పడే చప్పుడు కోసం చెవులు రిక్కించేదాన్ని.

వచ్చిన కొత్తలో ఆవు చక్కగా చేపి పాలు వదిలేది. తర్వాత ఎగచేపడం మొదలెట్టింది. దూడని వదిలినా, పొదుగు కడిగి ఎంత నిమిరినా, పాలు కిందికి వదలకుండా బిగబట్టి నిలబడేది. అత్తగారు అడుగంటిన చెంబుతో తిరిగొచ్చేవారు. ఎలుకలు కదిలే వేళా, పాలు పితికే వేళా ఒకటే కావడం వల్ల మావగారు అప్పటికే పెరట్లో తయారుగా ఉండేవారు. ఠప్పుమని తుపాకీ పేలడం, ఆవు ఉలిక్కిపడడం అందరూ చూశారు. ఆవు చప్పుడుకి బెదురుతోందని తేల్చారు.

మావగారికి మనవడంటే ప్రాణం. తుపాకీ అన్నా ప్రాణమే. రెండు ప్రాణాలున్న మనిషికి కష్టాలు తప్పవు. అరుగు మీద సభ జరిగింది. పురోహితుడు, మా ఆయన, ఇంకా పనిలేని పెద్దలు కూడారు. తుపాకీ మానెయ్యాలని అనడానికి ఎవరికీ నోరు రాలేదు. చప్పుడు మానెయ్యాలని మాత్రం అందరూ ఒప్పుకున్నారు. మా ఆయన తండ్రి మాట జవదాటని కొడుకు. తండ్రి మాట్లాడకముందే దానికి తల ఊపడం ఆయన ప్రత్యేకత.

ముందు గాలి తగ్గించారు. పాలేరు కొట్టే దెబ్బలు సగానికి సగం చేసేసరికి, వాడి నడుం సంతోషించింది గాని ఆవు సంతోషించలేదు. ఇంకా తగ్గించారు. గుండు చెట్టు మొవ్వుదాకా పోవడం మానేసింది. ఎలుకలు దాన్ని చూసి కూడా కదలడం మానేశాయి. సీసపు గుండు గట్టిగా తగులుతోందని, దాని బదులు శనగగింజ పెట్టారు. అదీ మా అత్తగారు గుగ్గిళ్ళ కోసం దాచుకున్న గింజల్లోంచి ఏరి, గొట్టానికి సరిపోయేవి చూసి. తుపాకీ మూతికి తడిగుడ్డ చుట్టారు. చెట్టుకి గురి పెట్టడం దండగని, కొబ్బరి పీచు కుక్కిన గోనెసంచి ఒకటి పశువులశాల పక్కన వేలాడదీసి దాన్ని కొట్టడం మొదలెట్టారు, తగిలినా చప్పుడు కాకుండా. ఆఖరికి ఆ తుపాకీ పిల్లి తుమ్మినంత చప్పుడు చేసేది. శనగగింజ సంచి దాకా వెళ్తే మావగారు వెనక్కి తిరిగి అందరి మొహాలూ చూసేవారు. అందరూ భేషనేవారు. ఆ గింజల్ని ఉడతలు తినిపోయేవి.

ఆవు మాత్రం చేపలేదు.

పిల్లాడికి గంజితేట పట్టేదాన్ని. వాడి బుగ్గలు జారిపోయాయి, ఎత్తుకుంటే బరువు తెలిసేది కాదు. వాడి ఏడుపు కూడా రోజురోజుకీ చిన్నదైపోయింది. ఇంట్లో అందరూ చప్పుడు తగ్గుతోందని సంతోషపడుతున్నారు. వాడు పోతాడని నాకు తెలిసిపోయింది. ఆ మాట పైకి అనకూడదు, అమంగళం.

ఇంతలో మావగారు కచేరీ పని మీద అమలాపురం వెళ్ళారు. ఆ పూట పాలేరు పశువులశాల పక్కనే గునపం పాతి కొబ్బరికాయలు ఒలిచి, ఒకదాని మీద ఒకటి గుట్టపోస్తున్నాడు. ఊరంతా వినిపించేటంత గోల. ఆవు ఆ గోలలో నిలబడి నెమరేస్తూ చెంబెడు పాలు వదిలింది. అత్తగారు దేవుడి దయ అన్నారు. మర్నాడు మావగారు వచ్చేశారు, దేవుడి దయ ఆగిపోయింది. అప్పుడు నేను ఆవు కళ్ళకేసి చూశాను. అది తుపాకీ పేలకముందే బిగుసుకుపోయింది. మావగారు పొడుగాటి తుపాకీ భుజం మీదకి ఎత్తగానే దాని ఒళ్ళంతా వణికింది. ఎవరి చేతి కర్ర దెబ్బలు తిని మా ఇంటికి వచ్చిందో పాపం, దానికి గాలీ శనగగింజా తెలియవు. ఒక మగవాడు తన ఎదురుగా దుడ్డుకర్ర ఎత్తి నిలబడ్డాడు, అంతే దానికి తెలుసు. చప్పుడుతో పనే లేదు.

తెలుసుకోవడం ఒక ఎత్తు, చెప్పడం ఒక ఎత్తు. ఆ రోజుల్లో మా ఇళ్ళలో కోడలు మావగారితో మాట్లాడదు. ఎదురుపడితే తలుపు చాటుకి తప్పుకోవాలి. ఏదైనా చెప్పాలంటే అత్తగారితో చెప్పాలి, ఆవిడ సమయం చూసి ఆయన చెవిన వెయ్యాలి. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ నా గొంతు ఎలా ఉంటుందో ఆయనకి తెలియదు. సరే, పద్ధతి ప్రకారం అత్తగారితో చెప్పాను. ఆవు భయపడుతున్నది చప్పుడుకి కాదు, మావగారు ఎదురుగా నిలబడ్డానికి, పాలు తీసే వేళ ఆయన్ని పెరట్లోకి రావద్దనండి అన్నాను. అత్తగారు మంచి మనిషి, నిజంగా మంచి మనిషి. కానీ భర్తని రావద్దనే మాట ఆవిడ నోట పుట్టదు. వక్కలు అందిస్తూ, కోడలు ఏదో ఆవు సంగతి అనుకుంటోందండీ అన్నారు. మావగారు ఆలోచించి, ఇంకా చప్పుడవుతోందన్నమాట, ఇంకాస్త గాలి తగ్గిద్దాం అన్నారు.

మా ఆయనతో చెప్పాను. నాన్నగారికి తెలియదంటావా అని ఆయన అటు తిరిగారు. నా మాటా ఆ తుపాకీ గుండూ ఒకలాగే అయ్యాయి, ఎక్కడికీ చేరకుండా మధ్యలోనే రాలిపోవడం.

ఆ సాయంత్రం పిల్లాడు ఏడవలేదు. నోట్లో గంజితేట పోస్తే పక్కనుంచి కారిపోయింది. నేను వాణ్ణి భుజాన వేసుకుని గుమ్మం దగ్గరికి వచ్చాను. అత్తగారు ఆవు దగ్గర కూర్చుని పొదుగు నిమురుతున్నారు. మావగారు తడిగుడ్డ చుట్టిన తుపాకీ ఎత్తి గోనెసంచికి గురి పెడుతున్నారు. మా ఆయన భేషనడానికి సిద్ధంగా ఉన్నారు. నా కాళ్ళు గుమ్మం దాటాయి. నేను దాటించలేదు, వాటంతటవే దాటాయి.

“మావగారండీ,” అన్నాను, “ఆవు చప్పుడుకి కాదండీ, మిమ్మల్ని చూసి బిగుసుకుపోతోంది. నా బిడ్డ పాలు లేక చచ్చిపోతున్నాడు. ఆ కర్ర దించి లోపలికి వెళ్ళండి.”

అన్నానంటే మామూలుగా అనలేదు. అన్నాళ్ళూ అనని మాటలన్నీ ఒక్కసారి వచ్చినట్టు, గొంతు చిట్లేలా అరిచాను. కొబ్బరి చెట్ల మీది కాకులు లేచాయి. పక్కింటి వాళ్ళు దడి మీంచి తొంగి చూశారు. ఆ పెరట్లో అంతకు ముందు గాని ఆ తర్వాత గాని అంత చప్పుడు కాలేదు. మావగారు నోరు తెరిచి నా మొహం చూశారు. అదే మొదటిసారి చూడడం. తుపాకీ దింపారు. లోపలికి వెళ్ళిపోయారు.

నేను ఇంకా అరుస్తూనే ఉన్నాను. ఏం అరిచానో నాకే తెలియదు. ఆ అరుపుల మధ్య, చెంబులో పాల ధార పడడం వినిపించింది. అత్తగారు తలెత్తకుండా పితుకుతూ, “ఆయ్, వదిలిందమ్మా. తల్లి వదిలింది,” అన్నారు. నేను అక్కడే కూలబడి, వెచ్చటి పాలు వేలు ముంచి పిల్లాడి నాలిక్కి రాశాను. వాడు చప్పరించాడు. ఇంకా కావాలన్నట్టు నోరు తెరిచాడు.

ఇక జరగవలసినవి జరిగాయి. మావగారితో నోరెత్తిన కోడలికి ఏదో పట్టిందని ఊరు తేల్చింది. తాయెత్తు తెప్పించి అత్తగారు నా మెడలో కట్టారు, కడుతూ నా తల నిమిరారు. తుపాకీ అటకెక్కింది. మనవడి కోసం మానేశానని మావగారు అరుగు మీద చెప్పారు, విన్నవాళ్ళ కళ్ళు చెమర్చాయి. నేను తలుపు చాటుకి వెళ్ళిపోయాను. ఆయన పోయేవరకూ మళ్ళీ ఆయనతో మాట్లాడలేదు.

నా కొడుకు బతికి పెద్దవాడయ్యాడు, ఉద్యోగం చేశాడు. వాడికి వాళ్ళ తాత దేవుడితో సమానం. తన ప్రాణం కోసం దొర ఇచ్చిన తుపాకీని గడ్డిపోచలా వదిలేసిన మహానుభావుడని తన పిల్లలకి చెబుతాడు. అక్కడితో ఆగితే నేనూ ఊరుకుందును. పక్కనే కూర్చున్న నన్ను చూపించి, “మీ నాన్నమ్మ తక్కువదనుకున్నారా? ఆవిడ మావగారి ఎదట ఒక్కనాడు నోరెత్తి ఎరగదు,” అంటాడు గర్వంగా. అది వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నాకు అక్షరాలు నేర్పినవాడూ వాడే. కాబట్టి ఇదంతా నా చేత్తోనే రాసి, వాడి బల్ల మీద పెడుతున్నాను. చదువుకోనీ.