నిండితే ఆరిపోయే బాయిలరు

మా పుట్టింట్లో ఒక రాగి బాయిలరు ఉండేది. మధ్యలో నిలువునా గొట్టం, గొట్టంలో బొగ్గులు, చుట్టూ నీళ్ళు. దాన్ని వెలిగించే పని మా మేనత్తది. నాయనకు అక్క ఆమె. పెళ్ళయిన కొత్తల్లోనే భర్త పోతే మా ఇల్లు చేరింది. నాకు ఊహ తెలిసేసరికే ఆమె పెరట్లో ఆ బాయిలరు ముందు కూర్చుని విసనకర్రతో విసురుతూ ఉండేది. నన్ను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసింది కూడా ఆమేనట.

పంతొమ్మిది వందల యాభైల చివర్లో తొలి కాన్పుకు నేను పుట్టిల్లు గార్లదిన్నె వచ్చినప్పుడు అత్త నాతో అన్న మొదటి మాట అదే.

"నీ బిడ్డకు గూడా నా కాళ్ళ మీదేసుకొని నేనే నీళ్ళు పోస్తా మా. మంత్రసాని పని ముగించి పోయినాక ఇంగ ఎవురికీ ఇయ్యను."

ఆమెకు ఇంకో కోరిక ఉన్నట్టు నేనెప్పుడూ వినలేదు. చీర అడగదు, ఊరు పోతాననదు. అందుకే ఆ మాట నాకు గుర్తుండిపోయింది.

బాయిలరుకు ఒక జబ్బు ఉండేది. మామూలు రోజుల్లో బుద్ధిగా మండేది. పండగొచ్చిందంటే ఆరిపోయేది. ఉగాదికి ఆరింది, దీపావళికి ఆరింది. బొగ్గులు ఎర్రగా రాజుకునేవి, కాసేపటికి సుయ్యిమని పొగ, తర్వాత తడి బూడిద. "నీళ్ళు పోసేటప్పుడు గొట్టంలో ఒలకబోసింటావులే వదినా" అనేది అమ్మ మొదట్లో. రానురాను ఆ మాట మారింది. శుభం నాడే ఎందుకు ఆరుతుంది? వెలిగిస్తున్నది ఎవరు? పక్కింటామె ఒకసారి నా ఎదురుగానే "ఆయమ్మ చెయ్యి మంచిది కాదప్పా" అంది. అత్తకు వినబడేంత దగ్గర్లోనే అంది. మా ఊళ్ళో వానలకు కరువు గానీ ఇలాంటి మాటలకు ఎప్పుడూ కరువు రాలేదు.

నా పురిటి స్నానం నాడు చుట్టాలంతా వచ్చారు. నాయన బండి కట్టించి దూరపు బావి నుంచి పీపాలతో నీళ్ళు తెప్పించాడు. బాయిలరు అంచు దాకా నింపారు. అత్త వెలిగించింది, ఆరిపోయింది. మళ్ళీ వెలిగించింది, మళ్ళీ ఆరిపోయింది. నేను బిడ్డను ఒళ్ళో పెట్టుకుని చలికి వణుకుతూ కూర్చున్నాను. చివరికి వంటింటి పొయ్యి మీద కాచిన నీళ్ళు కాసిని పోశారు. ఆ సాయంత్రం బిడ్డకు ఒళ్ళు వెచ్చబడింది.

అమ్మ భయానికి పట్టపగ్గాలు లేకుండా పోయాయి. "బిడ్డ మీద నీ చెయ్యి పడనియ్యను వదినా" అంది అందరి ముందూ. నాయన తల వంచుకున్నాడు. మర్నాడు అత్త రెండు చీరలు మూట కట్టుకుని, "బిడ్డ బాగుంటే సాలు" అని, కళ్యాణదుర్గంలో తన మరిది ఇంటికి బస్సెక్కింది. బిడ్డకు త్వరలోనే తగ్గింది. తగ్గిందని ఆమెకు కబురు చేసినవాళ్ళు లేరు. ఆమె పోబట్టే తగ్గిందని మాత్రం అందరూ అన్నారు.

పేరు పెట్టే రోజు వచ్చింది. ఈసారి బాయిలరు వెలిగించింది అమ్మే. నిండు బాయిలరు, మళ్ళీ ఆరిపోయింది. "ఆయమ్మ ఎత్తిపెట్టిన బొగ్గులే గదా ఇవి" అంది అమ్మ. నాకు ఒళ్ళు మండిపోయింది. మనిషిని పంపేశారు, బొగ్గుల్ని కూడా వదలరా!

మర్నాడు అవే బొగ్గులతో, సగం నీళ్ళతో, బాయిలరు చక్కగా మండింది. అప్పుడు తట్టింది నాకు. పండగకూ మామూలు రోజుకూ తేడా నీళ్ళలో ఉంది. ఆ కరువులో రోజూ బాయిలరు నింపే భాగ్యం ఎవరికుంది? రోజూ సగమే పోసేవాళ్ళం. పండగలకే నింపేవాళ్ళం.

బాలింత వంగి పనులు చెయ్యకూడదంటారు. చేశాను. చల్లారిన గొట్టంలో బూడిదంతా దులిపి పొడిగుడ్డతో తుడిచాను. సగం నీళ్ళు పోయించి గొట్టం లోపల చెయ్యి పెట్టి చూశాను. పొడిగా ఉంది. నిండా పోయించాను. పైనుంచి జానెడు కింద, గొట్టం అతుకు వెంట నీళ్ళు చెమటలా ఊరి, సన్నగా బొగ్గులుండే చోటికి కారాయి. అమ్మను పిలిచి ఆమె వేలు అక్కడ పెట్టించాను. అమ్మ వేలు కొంగుకు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నాయన బాయిలరును అనంతపురంలో బిందెలకు మాట్లు వేసేవాడి దగ్గరికి తీసుకుపోయాడు. నీళ్ళు తగలని చోట అతుకు వేడికి కరిగిపోతుందట. ఏళ్ళ తరబడి సగం నీళ్ళతో కాచి కాచి మేమే దాన్ని కరిగించుకున్నాం. ఇత్తడితో గట్టిగా అతికించి తెచ్చాక, నిండా నింపి వెలిగించాం. ఆరలేదు. నీళ్ళు కాగే చప్పుడు వింటూ నాయన పెరట్లో చాలాసేపు నిలబడ్డాడు.

"అక్కను పిల్చుకొని రా మా" అన్నాడు నాతో. "నాకు మొగం చెల్లదు."

బిడ్డ మెడ నిలిపాక కళ్యాణదుర్గం వెళ్ళాను. అత్త వసారాలో కాళ్ళు చాపుకుని శనక్కాయలు ఒలుస్తోంది. బాగా చిక్కిపోయింది. పక్కన కూర్చుని అతుకు సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పాను.

"నీ చెయ్యి కాదత్తా. పాడు అతుకు."

"అట్లనా" అంది శ్రద్ధగా విని. "బాగైంది గదా. ఇంగ పండగలకు ఇబ్బంది లేదులే."

"ఇంటికి పోదాం పా. బిడ్డకు నువ్వే నీళ్ళు పొయ్యల్ల" అంటూ బిడ్డను ఆమె కాళ్ళ మీద పెట్టబోయాను. అత్త చటుక్కున కాళ్ళు ముడుచుకుంది. ఒళ్ళోని శనక్కాయల పొట్టు అంతా నేలపాలైంది. రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది.

"వద్దు మా. అతుకే అయ్యింటాది. నువ్వు అబద్ధం చెప్పవు. అయినా పసిబిడ్డ. నాకు భయం."

నాకు ఏడుపు ఆగలేదు. ఇన్నేళ్ళు ఇంతమంది చెప్పిన మాటను ఒక్క పూటలో నేనెలా అబద్ధం చెయ్యగలను?

"ఏడ్వాకు. బిడ్డ బస్సులో అలిసినాది. పొయ్యి మీద ఉడుకునీళ్ళుండాయి. నువ్వు పోసుకో, నేను ఈడ్నుంచి చూస్తా" అంది అత్త.

పెరట్లో పీట మీద కాళ్ళు చాపుకుని బిడ్డను పడుకోబెట్టుకున్నాను. నాకు అప్పటికి చేత కాదు, నీళ్ళు బిడ్డ మొహం మీదికి జారాయి. అత్త గడప దగ్గరే నిలబడి, నీళ్ళు కళ్ళలో పడకుండా నుదుటికి చెయ్యి ఎలా అడ్డం పెట్టాలో గాలిలో తన చెయ్యి పెట్టి చూపించింది.